నాలుగో నంబరు తాలూకు ఎవరు?

అరుపు

నర్సు పనిలో చేరబోయే అమ్మాయిలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు మొదట అడిగేది రక్తం గురించి. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా ఆంటీ అని. తిరుగుతాయి, కొన్నాళ్ళకు మానతాయి, దానికేం కంగారు పడకండి అంటాను. తర్వాత నైట్ డ్యూటీల గురించి అడుగుతారు. అడగాల్సింది మాత్రం ఒక్కరూ అడగరు. అడిగితే చెప్పడానికి నాకూ నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ఈ పనిలో రోజూ వేసే కేక ఒకటుంది. "రెండో నంబరు తాలూకు ఎవరండీ?" "ఆపరేషనైన ముసలాయన తాలూకు ఎవరు?" జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ నా ఉద్యోగమంతా ఆ కేకతోనే గడిచింది. నేను పనిచేసినవి డాక్టర్లు సొంతంగా పెట్టుకున్న చిన్న ఆసుపత్రులు. వాటిల్లో సిస్టరు పని వేరు, రోగి వెంట ఉండే తాలూకు మనిషి పని వేరు. ఇంజక్షను, కట్టు, మందులు, జ్వరం చూడటం మావి. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, విసనకర్రతో విసరడం, రోగి విసుక్కుంటే పడటం తాలూకు మనిషివి. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు, అయినా వార్డులో అందరికీ తెలుసు. తాలూకు ఎవరూ లేని రోగిని చూసి వార్డంతా జాలిపడుతుంది. తాలూకు మనిషి కళ్ళెదుట ఉండి కూడా చెయ్యకపోతే ఆ మనిషిని చూపులతోనే నమిలేస్తుంది.

నన్నట్లా నమిలేశారు. రిటైరైనవాళ్ళు చాలామంది మెడలో శాలువాతో కూర్చుని రాసినట్టు రాస్తారు. నాకది చేతకాదు. నేను రాసేదాంట్లో సిగ్గుపడాల్సిందే ఎక్కువ.

చూసి నడవాలి కదమ్మా

డెబ్బైలలో, ట్రైనింగు అయిన కొత్తల్లో, జగ్గయ్యపేటలో ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడే పెళ్ళయింది. ఆయన పేరు ప్రసాదు. మిరపకాయల షావుకారు దగ్గర గుమాస్తా. నవ్వుతూ మాట్లాడతాడు, నలుగురికీ సాయం చేస్తాడు, ఊళ్ళో మంచి పేరు. ఇంట్లో కొట్టేవాడు. డ్యూటీ నుంచి ఆలస్యమైతే కొట్టేవాడు, మగ పేషెంటుకి జ్వరం చూశానని ఎవరో చెబితే కొట్టేవాడు, కూరలో ఉప్పు సరిపోయిన రోజున కూడా కొట్టేవాడు. కొట్టిన సాయంత్రం పకోడీల పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టేవాడు. నేను తినేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత దెబ్బలకన్నా ఆ పకోడీలు తిన్నందుకే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. సిగ్గుకి లెక్కాపత్రం ఉండదేమో.

మా అత్తయ్య మాతోనే ఉండేది. మంచి మనిషి. నాకు తలంటు పోసేది, నేను నైట్ డ్యూటీ చేసొస్తే కాఫీ చేతికిచ్చేది. వాడు చెయ్యెత్తగానే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఆ గొళ్ళెం చప్పుడు నాకు దెబ్బకు ముందు వినిపించేది.

ఎండాకాలంలో కూడా మోచేతుల దాకా జాకెట్టు వేసుకునేదాన్ని. ఎవరడిగినా స్టవ్వు మీద పడ్డాననో తలుపు తగిలిందనో చెప్పేదాన్ని. అబద్ధం చెప్పడంలో బాగా ఆరితేరాను.

ఒకరోజు వీరులపాడు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. పై పెదవి చీలింది, కుట్లు పడాలి. ఏమైందమ్మా అన్నాను. "బావి చప్టా మీద జారి పడ్డానండి" అంది. చప్టా మీద పడితే పెదవి అట్లా లోపలి నుంచి చీలదు. ఆమె నా జాకెట్టు చేతుల వంక చూసింది. ఆ చేతుల కింద ఏముందో ఆమెకు తెలిసిపోయింది, ఆమెకెవరు ఏం చేశారో నాకు తెలిసిపోయింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఏమైనా అనొచ్చు. నేను దూది తడుపుతూ, "చూసి నడవాలి కదమ్మా" అన్నాను.

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు ఈ పనిలో చాలా తప్పులు చేస్తారు. మందు తారుమారు చేస్తారు, చీటీ మర్చిపోతారు, డాక్టరు తిడతాడు, దిద్దుకుంటారు. ఇట్లాంటిది చేస్తే ఎవరూ తిట్టరు. అందుకే అది లోపల ఉండిపోతుంది.

డాక్టరు గారి టీ

జగ్గయ్యపేట డాక్టరు గారికి చేయి మంచిదని పేరు. అది నిజమే. మనిషి విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ఒకసారి నేను చెవి వాచి డ్యూటీకి వస్తే ఆయనకు అర్థమైంది. నన్నేమీ అడగలేదు. మా ఆయన్నీ, పల్లెలో వ్యవసాయం చేసుకునే మా అన్నయ్యనీ పిలిపించి తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. గ్లాసులు అందించమని నాకే చెప్పాడు. ముగ్గురు మగవాళ్ళకీ నేనే టీ ఇచ్చాను.

"ఇంటి విషయాలు ఇంట్లో చూసుకోవాలయ్యా. మా స్టాఫు ఇట్టా మొహం వాచి వస్తే పేషెంట్లు ఏమనుకుంటారు?" అన్నాడు డాక్టరు గారు.

"మా చెల్లాయికి కూడా కాస్త నోరు ఎక్కువేలెండి," అన్నాడు మా అన్నయ్య, నవ్వుతూ.

"ఇంకెప్పుడూ జరగదండి," అన్నాడు మా ఆయన, ఇంకా అందంగా నవ్వుతూ.

ముగ్గురూ నా వంక చూశారు. నేనూ నవ్వాను. రాజీ అయిపోయింది. ఆ వారంలోనే ఇంకో దెబ్బకు చెవిలో పొర చిరిగింది. ఎడమ చెవి ఈనాటికీ సరిగ్గా వినపడదు. నాతో మాట్లాడేవాళ్ళు కుడివైపు కూర్చోవాలి. ఆ టీ ఇప్పించిన ఆయన్ని ఇప్పుడు తప్పు పట్టి లాభం లేదు. కానీ కొత్తగా చేరే పిల్లలకు ఒకటి చెప్పాలి. మీ బాధ మీ ఎదురుగానే మాట్లాడుతూ, మిమ్మల్ని మాత్రం ఒక్క ముక్క అడగని చోట కూర్చోకండి. గ్లాసులు అసలే అందించకండి.

నాకు ట్రైనింగులో సీనియరైన గ్రేసమ్మ గారు అప్పటికే నందిగామలో ఒక ఆసుపత్రికి హెడ్ సిస్టరు. ఆమె దగ్గరికి బస్సెక్కి వెళ్ళిపోయాను. చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు. "ఉంటావా, మళ్ళీ పోతావా? పోయేట్టయితే ఇప్పుడే చెప్పు, డ్యూటీలు వెయ్యాలి," అందామె. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. ఉంటానన్నాను.

విసరొద్దు

మనిషి బయటపడినంత మాత్రాన ఒళ్ళు బయటపడదు. నందిగామలో ఏ మగ పేషెంటు తల గోక్కోవడానికి చెయ్యెత్తినా నా మెడ వంగిపోయేది. ఒక పెద్దాయన చూసి, "అదేందమ్మా, కోడిపిల్లలాగా అట్టా ముడుచుకుపోతావు?" అని నవ్వాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నాకు తెలిసిన విద్య అదొక్కటే, ఎవరేమన్నా నవ్వడం.

నందిగామ డాక్టరు గారికి ముక్కు మీద కోపం. కట్టు గదిలో అడిగిన కత్తెర క్షణం ఆలస్యమైతే ట్రే తీసి గోడకు కొట్టేవాడు. మనుషుల మీదికి కాదు, గోడకే. మిగతా సిస్టర్లు ఆయన వెనక ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ చప్పుడు విన్న పూటంతా చేతులు వణికేవి. ఒక పసిపిల్లకు సూది గుచ్చబోయి నరం దొరక్క మళ్ళీ మళ్ళీ పొడిచాను. ఆ పిల్ల తల్లి ఏడ్చింది. అది చూశాక ఇంక ఊరుకోలేకపోయాను.

డాక్టరు గారు చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. "డాక్టరు గారూ, తిట్టండి, పడతాను. వస్తువులు విసరొద్దు. విసిరితే ఆ పూట నేను ఇంజక్షన్లు వెయ్యలేను. వెయ్యను," అన్నాను. నా గొంతు నాకే పీలగా వినిపించింది.

ఆయన నీళ్ళు కారుతున్న చేతులతో నా వంక చూశాడు. "ఏం, భయమా?"

"భయమేనండి."

"మరి ఉద్యోగం ఎట్టా చేస్తావు?"

"విసరకపోతే చేస్తానండి."

ఆయనకు నవ్వొచ్చింది. సరేలే పో అన్నాడు. తర్వాత కూడా రెండు మూడుసార్లు విసిరాడు. విసిరినప్పుడల్లా నేను సిరంజీలు గ్రేసమ్మ గారి చేతికిచ్చి ఆ పూట మందులు సర్దే పనికి వెళ్ళిపోయాను. గొడవ చెయ్యలేదు, అలగలేదు, వెళ్ళిపోయానంతే. ఆ తర్వాత నేనుండగా ఆయన విసరలేదు. నేను లేనప్పుడు విసిరేవాడట. అది మిగతావాళ్ళ గొడవ, వాళ్ళూ అడిగి ఉండాల్సింది.

ఎదుటివాడు ఏం చెయ్యకూడదో చెప్పి ఊరుకుంటే అది ప్రార్థన. చేస్తే నేనేం చేస్తానో కూడా చెప్పి, చెప్పిందే చేస్తేనే అది గీత. నాకిది ముప్పై దాటాక తెలిసింది. అప్పటికీ సగమే తెలిసింది.

మిరపకాయల లారీ

ఎనభైలు వచ్చాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద లారీ తిరగబడిందని ఆసుపత్రి ముందు ఒకటే గోల. జగ్గయ్యపేట నుంచి గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు, అదే బస్తాలు, తీసుకుపోతున్న లారీ. డ్రైవరు బాగానే ఉన్నాడు. పక్కన కూర్చున్న మనిషిని నలుగురు మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా మిరపపొడి. గదిలో అందరికీ ఒకటే దగ్గులు, తుమ్ములు, కళ్ళ నుంచి ధారలు. మొహం తుడిచి చూస్తే ప్రసాదు.

కుడి ముంజేయి విరిగింది. ఎడమ అరచేయి గాజుకు కోసుకుపోయింది. రెండు చేతులూ. ఏ చేతులు నన్ను కొట్టాయో ఆ చేతులే నా ముందు బల్ల మీద ఉన్నాయి. ఎడమ చేతిలోంచి గాజు ముక్కలు ఏరుతుంటే నా కళ్ళు ధారాపాతంగా కారాయి. ఘాటుకు కారాయి, ఒట్టు. డ్రైవరుకీ కారాయి, ఆయాకీ కారాయి. కానీ ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా ఆవిడండి. పాపం ఏడుస్తంది," అన్నాడు.

అంతే. అరగంటలో ఆసుపత్రంతా తెలిసిపోయింది. కోటేశ్వరి సిస్టరుకు మొగుడున్నాడట, అదిగో నాలుగో నంబరు మంచం, చూసి ఎట్లా ఏడ్చిందో! ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆయన దూరాన ఉద్యోగమని మాత్రం అనేదాన్ని. మంగళసూత్రం తియ్యలేదు కూడా. ఆ పూటతో నా అబద్ధం బయటపడింది. నిజం మాత్రం లోపలే ఉండిపోయింది. అవతల ఆయన్ని అందరూ పాపం అంటున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అయిదో నంబరు

గ్రేసమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, "లీవు పెట్టుకుంటావా?" అంది.

"ఎక్కడికి పోవాలండీ? నా ఊరు ఇదేగా ఇప్పుడు."

"అయితే వాడికి ఏం చేస్తావు, ఏం చెయ్యవు? ముందే అనుకో. వార్డులో నిలబడి అనుకుంటే తడబడతావు."

వార్డులోకి చూశాను. ఆయన పక్క మంచం మీద, అయిదో నంబరులో, కంచికచర్ల నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నాడు. కాలికి కట్టు. అతనంటే నాకు ఇష్టమూ లేదు, కోపమూ లేదు. "అయిదో నంబరుకు చేసేవన్నీ నాలుగో నంబరుకు చేస్తానండి. చెయ్యనివి చెయ్యను," అన్నాను.

చెప్పుకోవడానికి బాగుంది. చెయ్యడం మొదలుపెట్టాక తెలిసింది ఎంత కష్టమో. మగ పేషెంట్లందరినీ "ఏవండీ" అని పిలుస్తాం. ఆయన్ని అట్లా పిలవబోతే నోట్లో మాట ఆగిపోయింది. అది పెళ్ళాం పిలిచే పిలుపు కూడానాయె. పేరు పెట్టి పిలిస్తే వార్డు ఊరుకోదు. అందుకని "నాలుగో నంబరు, చెయ్యి చాపండి" అనేదాన్ని. ఆయన మాత్రం నన్ను "ఏమే" అనే పిలిచేవాడు. "ఏమే, మంచినీళ్ళు." "ఏమే, దిండు సర్దు." పలికేదాన్ని కాదు. దాహమని తెలుసు కాబట్టి నా అంతట నేను వెళ్ళి నీళ్ళు పట్టేదాన్ని. తాలూకు మనిషి రాకముందు అయిదో నంబరుకూ పట్టాను గనక. దిండు మాత్రం సర్దలేదు.

సాయంత్రానికి అత్తయ్య జగ్గయ్యపేట నుంచి బస్సు దిగింది. ముసలిదైపోయింది. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆమెను నేను అత్తయ్యా అనే పిలిచాను. ఆమెకు టీ తెప్పించాను, సిస్టర్ల గదిలో బల్ల మీద నడుం వాల్చమన్నాను. అయిదో నంబరు భార్యకు ఇవేమీ చెయ్యలేదు. అత్తయ్యకు చేశాను. అందరినీ ఒకే గీతకు అవతల నిలబెట్టాలని నాకు అనిపించలేదు.

మర్నాడు వరండాలో టీ తాగుతూ ఆమే మొదలుపెట్టింది.

"వాడు మారాడే కోటేశూ. నిన్ను తలుచుకోని రోజు లేదు."

"అత్తయ్యా, మీరు తలుపు వేసుకునేవాళ్ళు గుర్తుందా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "వేసుకునేదాన్నే తల్లీ," అంది. "తీస్తే నన్ను కూడా కొడతాడని భయం. వాళ్ళ నాన్న కొట్టేవాడు నన్ను. నీకెట్టా చెప్పను?"

నాకు ఏడుపు వచ్చింది. ఈసారి మిరపకాయలు లేవు. ఆమె నా మోకాలు నిమిరి, "రావే ఇంటికి. ఈసారి తలుపు వెయ్యను," అంది.

అంత ప్రేమగా ఎవరైనా అడిగితే కాదనడం చెంపదెబ్బ తినడంకన్నా కష్టం. "మీరు ఎప్పుడైనా నా దగ్గరికి రండి అత్తయ్యా. అన్నం పెడతా, తలంటు పోస్తా. నేను మాత్రం రాను," అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నేను పాపం చేసినదానిలాగా వార్డులో గోడ వారగా తిరిగాను.

ముద్ద

తర్వాత ఒక పొద్దున అత్తయ్య ఇంటికి తాళం వేసి వచ్చానో లేదోనని, ఉతికిన బట్టలు కూడా తేవాలని జగ్గయ్యపేట వెళ్ళింది. పోతూ పోతూ, "ఈ పూట నువ్వు కలిపి పెట్టవే, చేతులు రెండూ కట్టి ఉన్నాయి వాడికి," అంది. నేను థర్మామీటరు తీసుకుని పక్క మంచానికి వెళ్ళాను.

తాలూకు మనిషి లేని పూట మా వార్డులో పక్కవాళ్ళు తినిపిస్తారు. అది మామూలే. అయిదో నంబరు భార్యను అడిగాను. ఆమె మంచి ఇల్లాలు, పళ్ళెం తీసుకుని వెళ్ళింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"పెళ్ళాం ఎదురుగా ఉండగా పరాయి ఆడదాని చేతి ముద్ద తింటానా? అది పెడితేనే తింటా."

మధ్యాహ్నం దాటింది. తినలేదు. మాత్ర వేసుకోవాలి, కడుపులో ఏమీ లేదు. వార్డులో గుసగుసలు మొదలయ్యాయి. "శత్రువుకైనా పెడతారు కదమ్మా," అంది ఒక ముసలామె నాకు వినపడేట్టు. "చదువుకున్నవాళ్ళంతా ఇంతేలే," అన్నాడు ఇంకెవరో. మేడ మీద నుంచి డాక్టరు గారు కబురు పంపాడు, ఆ పేషెంటు చేత అన్నం తినిపించమని. ఎవరు తినిపించాలో చెప్పలేదు. ఏ మగవాడూ ఆ ముక్క విప్పి చెప్పడు, అదంతా మనకే అర్థమైపోవాలి.

నా కాళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. గ్రేసమ్మ గారు అడ్డుపడలేదు. పప్పన్నం కలిపాను, చెంచా తీసుకున్నాను, నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళాను. వార్డు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఒక్క ముద్దేగా, పెట్టేస్తే అందరూ చల్లబడతారు, నేనూ మంచిదాన్ని అయిపోతాను అనుకున్నాను. చెంచా ఎత్తాను.

ఆయన నవ్వాడు. అదే నవ్వు, డాక్టరు గారి గదిలో టీ తాగినప్పటిది. వార్డు మొత్తానికీ వినపడేట్టు, "చూశారుగా, వచ్చింది. ఇంటిక్కూడా ఇట్టాగే వస్తది," అన్నాడు.

ఆ పకోడీల పొట్లం గుర్తొచ్చింది. చెంచా పళ్ళెంలో పెట్టి, పళ్ళెం స్టూలు మీద పెట్టి, వెనక్కి అడుగు వేశాను. "తింటే అయిదో నంబరావిడ పెడుతుంది. లేకపోతే సాయంత్రం మీ అమ్మ వస్తుంది," అన్నాను. గట్టిగా చెప్పలేదు, నాకు చేతనైనంతే చెప్పాను. వెనక నుంచి ఎవరో తిట్టారు, ఏమన్నారో నా ఎడమ చెవికి వినపడలేదు. ఆ చెవి నాకు ఉపయోగపడింది ఆ ఒక్కసారే.

కాసేపటికి ఆకలి ఆగక ఆయన అయిదో నంబరావిడ చేత్తోనే తిన్నాడు.

మొద్దు సూది

ఇక్కడితో ఆపేస్తే నా కథ ఎంతో బాగుంటుంది. ఆ సాయంత్రం జరిగింది కూడా చెప్పాలి.

ఇప్పుడు సూదులు ఒకసారి వాడి పారేస్తున్నారు. మా రోజుల్లో గాజు సిరంజీలు, ఇనప సూదులు. స్టెరిలైజరులో మరగబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. మొన అరిగితే సానరాయి మీద నూరేవాళ్ళం. మొన బాగుందో లేదో దూది మీద లాగి చూడాలి. పోగులు పట్టుకుంటే అది మొద్దు సూది, పక్కన పెట్టాలి. ట్రైనింగులో మొదటి వారంలోనే నేర్పుతారు.

ఆ సాయంత్రం నాలుగో నంబరు పెన్సిలిన్‌కి సూది తీసి దూది మీద లాగాను. పోగులు పట్టుకున్నాయి. చూశాను. అదే సూది బిగించాను.

ఆయన కేక పెట్టాడు. మొద్దు సూది కండలోకి దిగదు, నెట్టాలి. నేను నెట్టాను. ఆ క్షణం నాకు హాయిగా ఉంది. దాచి లాభమేముంది, హాయిగానే ఉంది.

గ్రేసమ్మ గారు ఆ కేక విని వచ్చి, నా ట్రేలోంచి సూది తీసి దూది మీద లాగింది. నా మొహం చూసింది. "ఇది అయిదో నంబరుకు వేస్తావా?" అంది, మెల్లగా, ఎవరికీ వినపడకుండా. అంతకన్నా నాలుగు లెంపకాయలు కొట్టినా బాగుండేది.

ఇన్నాళ్ళూ గీత అనేది వాడు ఇటు రాకుండా గీసుకున్నాననుకున్నాను. నేను అటు పోకుండా కూడా అదే గీత. చెంచా పట్టుకుని వెళ్ళినప్పుడు ఒకసారి దాటబోయాను, సూది పట్టుకుని దాటేశాను. ముద్ద పెట్టినా, మొద్దు సూది గుచ్చినా వాడు నాకు ఇంకా అయిదో నంబరు కాలేదనే అర్థం. పగబట్టి తిరగడం కూడా కాపురం చేసినట్టే. ఇది ఎవరో చెప్పింది కాదు, ఆ స్టెరిలైజరు పక్కన కూర్చుని సిగ్గుతో చచ్చిపోతూ నేను తెలుసుకున్నది.

మొహం కడుక్కుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. అప్పటికి అత్తయ్య కూడా వచ్చి పక్కన కూర్చుని ఉంది. "సూది మొద్దుదని తెలిసే వేశాను. తప్పు చేశాను. రేపటి నుంచి మీ ఇంజక్షన్లు, కట్లు ఇంకో సిస్టరు చూస్తుంది," అన్నాను.

ఆయన వార్డు వైపు తిరిగి, "విన్నారా? దీని సంగతి ఇదండీ! కట్టుకున్న మొగుడిని ఇంత హింస పెట్టింది," అన్నాడు. ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పనీ లేదు. వాడన్నది నిజమే, కనీసం ఆ ఒక్క సూది వరకు. అత్తయ్య తల వంచుకుని పళ్ళెం కడగడానికి వెళ్ళిపోయింది.

మీలో ఎవరికైనా ఇట్లాంటి రోజు వస్తే ముందే తప్పుకోండి. నావల్ల కాదు, ఇంకొకరిని పెట్టండి అని హెడ్ సిస్టరుకు చెప్పండి. అది చేతగానితనం కాదు. నేను అన్నీ చెయ్యగలనని నిలబడ్డాను. దాని ఫలితం ఒక రోగి నడుం మీద గడ్డకట్టింది. ఇంకోటి, సిగ్గు పోయాక మన హద్దులు మనం పెట్టుకుందాంలే అని కూర్చోకండి. నాది ఇప్పటికీ పోలేదు. సిగ్గుపడుతూనే కాదనాలి, సిగ్గుపడుతూనే డ్యూటీకి వెళ్ళాలి.

తాలూకు

డిశ్చార్జి నాడు ఇంటికి పోయే రోగి జాగ్రత్తలు తాలూకు మనిషికి చెప్పాలి. ఆ పూట డ్యూటీ నాది. ఇంకో సిస్టరు ఆపరేషన్ గదిలో ఉంది. ఆయన వచ్చినప్పటి నుంచి నేను వెయ్యకుండా తప్పించుకుంటూ వచ్చిన కేక ఒకటి ఉంది. మిగతా మంచాలన్నిటికీ వేశాను, దానికి మాత్రం వెయ్యలేదు. అత్తయ్య దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పేస్తే సరిపోతుంది. కానీ అయిదో నంబరుకు అట్లా చెవిలో చెప్పను.

వార్డు గుమ్మంలో నిలబడ్డాను. వరండాలో జనం. ఆయన మంచం మీద కూర్చుని నా వంకే చూస్తున్నాడు. నేనేం చేస్తానోనని వార్డంతా చూస్తోంది. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, "నాలుగో నంబరు తాలూకు ఎవరండీ?" అని కేకేశాను.

కొన్ని తలలు నా వైపు తిరిగాయి. ఆయన నోరు తెరిచాడు. "ఎవరేంటే, నువ్వు..."

"నేనమ్మా," అని వినపడింది వరండా చివర నుంచి. అత్తయ్య ఆరేసిన చీర సగం మడిచి, అట్లాగే భుజాన వేసుకుని వస్తోంది. దారిలో జనాన్ని తప్పించుకుంటూ, చెయ్యి పైకెత్తి, వార్డంతా వినేట్టు మళ్ళీ అంది. "నేనే సిస్టరమ్మా. వాడి తాలూకు నేనొక్కదాన్నే."

ఆమె నన్ను సిస్టరమ్మా అనడం అదే మొదటిసారి. ఆయన నోరు మూసుకున్నాడు. నేను కాగితం దించి, ప్లాస్టరు తడవనివ్వొద్దని, వేళ్ళు నీలంగా మారితే వెంటనే తీసుకురమ్మని, మాత్రలు అన్నం తిన్నాకే వెయ్యమని, అయిదో నంబరు వాళ్ళకు చెప్పినట్టే ఆమెకూ చెప్పాను.